రాయి లేని నేల మీద రాతి గుళ్లు

తెనాలి నుంచి రేపల్లెకూ, అక్కణ్నుంచి చందవోలు మీదుగా బాపట్లకూ వెళ్లే దారిలో ఎక్కడ తవ్వినా పారకు రాయి తగలదు. కృష్ణ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పరిచిన నల్లటి ఒండ్రు నేల అది. సముద్రం దగ్గరపడే కొద్దీ ఆ నలుపు తగ్గి ఇసుక పర్రలు మొదలవుతాయి. కొండ కనబడాలంటే మంగళగిరి వైపో, కొండవీటి వైపో తిరగాలి. మట్టి గోడలతో, ఇటుకతో, తాటాకుతో ఇళ్లు కట్టుకున్న సీమ ఇది. ఇలాంటి చోట ఒక రాతి స్తంభం నిలబడి ఉందంటే, దాన్ని ఎవరో ఎక్కడో దూరాన తొలిపించి, పడవ మీదో బండి మీదో వేయించి, ఖర్చుకు వెనుదీయకుండా ఇక్కడికి చేర్చారన్నమాట. ఈ ప్రాంతపు మధ్యయుగ దేవాలయాలను చూడబోయే ముందు గుర్తుంచుకోవలసిన విషయం ఇదే అనుకుంటాను.

రామప్పనో లేపాక్షినో చూసిన కళ్లతో బాపట్ల భావనారాయణస్వామి గుడికి వచ్చినవారికి మొదట కొంత నిరాశ కలుగుతుంది. గోడ నిండా నాట్యకత్తెలు లేరు, దూలం నిండా పురాణ కథలు లేవు. ఆంధ్ర దేవాలయ శిల్పం గురించి రాసిన పుస్తకాల్లో చాలావాటిలో ఈ సీమకు దక్కేది నాలుగైదు వాక్యాలే. ఆ చిన్నచూపుకు కారణం మనం తప్పు కొలతతో కొలవడమేనని నా నమ్మకం. కొండ పక్కనే ఉన్న శిల్పికి రాయి చేతికందే వస్తువు, డెల్టా శిల్పికి అది దిగుమతి సరుకు. దాన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ ఇటుకతోనూ గచ్చుతోనూ సరిపెట్టుకోవాలో అతను ఆచితూచి నిర్ణయించుకోవాలి. అధిష్ఠానానికి, స్తంభాలకు, ద్వారబంధాలకు, మూలమూర్తికి రాయి. పైన విమానానికి చాలాచోట్ల ఇటుకా సున్నమూ. తెచ్చిన రాతి మీద మిగిలిన జాగాను ఇక్కడివాళ్లు బొమ్మలకన్నా ఎక్కువగా అక్షరాలకు ఇచ్చారు.

ఈ నేలకు ఆ రోజుల్లో వెలనాడు అని పేరు. స్థూలంగా నేటి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలే ఆ నాడు. ఆ పేరు భూపటాల్లోంచి పోయి శతాబ్దాలైనా మనుషుల్లోంచి పోలేదు. వెలనాటి వైదికులన్న శాఖానామం నేటికీ వాడుకలో ఉంది, ఉత్తరాదిన పుష్టిమార్గం నెలకొల్పిన వల్లభాచార్యుల వంశం కూడా తనది వెలనాడేనని చెప్పుకుంటుంది. ఈ సీమను పదకొండో శతాబ్దం చివరి నుంచి పదమూడో శతాబ్దం మొదలు దాకా ఏలినవారు వెలనాటి చోడులు. వాళ్ల రాజధాని ధనదపురం. ఈనాటి చందవోలు అదే. తాము చతుర్థ కులజులమని శాసనాల్లో దాపరికం లేకుండా, గర్వంగా చెప్పుకున్న పాలకులు వీళ్లు.

వాళ్ల ఎదుగుదల వెనక చోళ రాజ్యం ఉంది. వేంగి రాజు రాజరాజ నరేంద్రుడి కొడుకు, తల్లి వైపు నుంచి చోళుల మనవడు అయిన రాజేంద్రుడు 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనమెక్కాడు. వేంగి రాజకుమారుడు తమిళ చక్రవర్తి అయ్యాక, వేంగిలో అతని తరఫున బలంగా నిలబడేవాళ్లు కావలసి వచ్చారు. ఆ చోటును నింపినవాళ్లే మొదటి గొంకరాజూ అతని వారసులూ. 1108 నుంచి 1132 దాకా మొదటి రాజేంద్ర చోడుడు, ఆ తరవాత 1161 దాకా రెండవ గొంకరాజు, ఆపైన 1181 దాకా రెండవ రాజేంద్ర చోడుడు. పేర్లలోనే ప్రభువుల మీది భక్తి కనబడుతుంది, ఏలికల పేర్లే తమ పిల్లలకు పెట్టుకున్నారు. చాలా దానశాసనాల్లో తమ బిరుదులతో పాటు చోళ చక్రవర్తి పాలన సంవత్సరం కూడా వేయించారు. కావేరి ఒడ్డున పండిన ఆలయ వాస్తు కృష్ణ ఒడ్డుకు చేరిన దారుల్లో ఈ సామంత బంధం ముఖ్యమైనది. అయితే ఆ వాస్తు ఇక్కడికి వచ్చేసరికి ఈ నేలకు తనదైన పాత అలవాటు ఒకటి అప్పటికే ఉంది.

ఆ అలవాటు కనబడేది గుడి ముందు కాదు, వెనక. బాపట్లలో దర్శనం చేసుకుని ప్రదక్షిణగా గర్భాలయం వెనక్కి వెళ్తే అక్కడ ఉండవలసిన రెండు మూలలూ ఉండవు. గోడ ఒక్క వంపుగా ఇటు నుంచి అటు తిరిగిపోతుంది. వాస్తు గ్రంథాలు దీన్నే గజపృష్ఠం, హస్తిపృష్ఠం అన్నాయి. పడుకున్న ఏనుగును వెనక నుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట. మామూలు చదరపు గుడికి శిఖరం మీద ఒక్క స్తూపి చాలు. గజపృష్ఠంలో శిఖరం పొడవాటి గుమ్మటంలా సాగుతుంది కాబట్టి దాని వెన్ను మీద స్తూపులను వరసగా నిలుపుతారు. ముందు వైపు, వంపు మొదలయ్యే చోటికి ఎదురుగా, గుర్రపు లాడం ఆకారంలో పెద్ద నాసిక ఉంటుంది. ఆ నాసికను జాగ్రత్తగా చూసినవారికి అది ఎక్కడో చూసిన ముఖంలా అనిపిస్తుంది. బౌద్ధ చైత్యగృహాల ముంగిట గాలికీ వెలుతురుకీ పెట్టిన గవాక్షమే అది. కొయ్య వాసాలను వంచి, పైన గడ్డి కప్పిన పాత మందిరపు ముందు భాగం తరతరాలుగా ఇటుకలోకీ రాతిలోకీ మారుతూ ఇక్కడిదాకా వచ్చింది.

గజపృష్ఠం బౌద్ధుల నుంచి హిందువులకు వచ్చిందని కొందరంటారు. హిందువులు బౌద్ధ చైత్యాలను ఆక్రమించుకున్నారనడానికి దాన్నే రుజువుగా చూపేవారూ ఉన్నారు. నరసరావుపేట దగ్గరి చేజెర్ల కపోతేశ్వరాలయం మీద ఈ వాదం వంద ఏళ్లకు పైగా నడుస్తోంది. నాకు ఈ రెండు మాటలూ తొందరపాటుగానే తోస్తాయి. మూడో శతాబ్దం చివర్లో ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే నాగార్జునకొండ లోయలో, కృష్ణ గట్టున నిలిచిన పుష్పభద్రస్వామి ఆలయం శివాలయం, అదీ గజపృష్ఠాకారమే. అదే లోయలో అదే కాలంలో బౌద్ధులు అదే ఆకారంలో చైత్యగృహాలు కట్టుకున్నారు. ఒకే ఊళ్లో ఒకే తాపీ పనివాళ్లు రెండు మతాలవారికీ పని చేస్తూ ఉంటే ఆకారం ఎవరిదని అడగడంలో అర్థం లేదు. అది ఆ చేతులది. తమిళ దేశంలోని తొండైమండలంలో కూడా ఇదే వంపు బాగా వ్యాపించింది. మహాబలిపురంలో సహదేవ రథానికి ఈ ఆకారమే ఇచ్చి, పోలిక తెలియడానికా అన్నట్టు పక్కనే ఒక నిలువెత్తు రాతి ఏనుగును నిలబెట్టారు పల్లవ శిల్పులు. కృష్ణ నుంచి పాలారు దాకా ఉన్న ఈ తీరమంతటినీ కలిపి చూసినప్పుడే బాపట్ల గోడ వంపు ఏ కుటుంబానికి చెందిందో తెలుస్తుంది.

ఇటుక పనివాడికి ఈ వంపులో ఒక సౌకర్యం ఉంది. ఇటుకల వరసలను కొద్దికొద్దిగా లోపలికి జరుపుతూ పైకప్పు మూసుకొచ్చేటప్పుడు మూలల దగ్గరే బీటలు మొదలవుతాయి. మూలే లేకపోతే బరువు వంపు పొడవునా సర్దుకుంటుంది. ఒండ్రు నేల మీద, ఏటా వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లమట్టి మీద, ఇటుకతో కట్టుకునేవారికి ఈ సంగతి అనుభవంలోంచే తెలిసి ఉండాలి. తరవాత రాయి తెచ్చుకోగలిగినప్పుడు కూడా ఇటుక నాటి ఆకారాన్ని వాళ్లు వదులుకోలేదు. ప్రదక్షిణ చేసే భక్తుడి వైపు నుంచి చూసినా ఇది వేరే అనుభవం. చదరపు గుడిలో మూల దగ్గర ఆగి తిరుగుతాం. ఇక్కడ ఆగకుండా, ఎక్కడ తిరిగామో తెలియకుండానే ఇవతలికి వచ్చేస్తాం.

బాపట్ల పేరే ఈ స్వామిది. భావపురి వాడుకలో అరిగి అరిగి బాపట్ల అయింది. ఇక్కడి మూలమూర్తిని క్షీర భావనారాయణుడంటారు. స్వామి మునివేళ్ల మీద నిలబడి ఉన్నాడని, భక్తుడి కోసం ఎదురుచూస్తూ మడమలెత్తాడని స్థానికులు ఎంతో ప్రేమగా చెప్పుకుంటారు. బాపట్ల, పొన్నూరు, పెదగంజాం, సర్పవరం, పట్టిసీమ ఈ అయిదూ పంచ భావనారాయణ క్షేత్రాలు. కాశీలో ఇచ్చిన ఒక మాటకు సాక్ష్యం చెప్పడానికి స్వామే కదిలి వచ్చాడని పొన్నూరులో ఆయన సాక్షి భావనారాయణుడయ్యాడు. అయిదింటిలో మూడు కృష్ణకు దక్షిణాన, సముద్రానికి దగ్గరగా ఉండడం గమనించదగ్గ విషయం.

బాపట్ల గుడి కట్టించినవాడు క్రిమికంఠ చోళుడని స్థలపురాణం. చరిత్రకారుడు ఇక్కడ కాసేపు ఆగక తప్పదు. క్రిమికంఠుడన్న పేరు ఏ శాసనంలోనూ రాజు తనకు తాను పెట్టుకున్న పేరు కాదు. శ్రీవైష్ణవ గురుపరంపరా కథల్లో రామానుజులను బాధపెట్టిన చోళ రాజుకు, గొంతులో పురుగులు పడి చనిపోయాడంటూ పెట్టిన నిందానామం అది. ఆ రాజు మొదటి కులోత్తుంగుడని కొందరూ, రెండవ కులోత్తుంగుడని కొందరూ అన్నారు. విష్ణుద్వేషిగా పేరు మోసినవాడే ఈ ఊళ్లో విష్ణ్వాలయ నిర్మాత ఎలా అయ్యాడు? నాకు తోచిన సమాధానం ఇది. గుడికీ చోళులకూ సంబంధం ఉందన్న జ్ఞాపకం ఊళ్లో గట్టిగా నిలిచింది. ఏ చోళుడో మరిచిపోయారు. తరవాతి కాలంలో శ్రీవైష్ణవ సంప్రదాయం బలపడినప్పుడు, ఆ సంప్రదాయానికి బాగా తెలిసిన చోళుడి పేరు ఆ ఖాళీలో వచ్చి కూచుంది. కథ తేదీని తప్పు చెప్పినా దిక్కును సరిగ్గానే చూపించింది. ఈ గుడి వైభవం కులోత్తుంగుడి నాటి వేంగి రాజకీయంతో ముడిపడినదే.

ఆ ముడి ఎలాంటిదో స్తంభాలు చెబుతాయి. బాపట్ల ఆలయ మంటపాల్లో పన్నెండో శతాబ్దం నుంచి పడిన దానశాసనాలు ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దం చివర మద్రాసు శాసన శాఖవారు వాటికి కాగితం అద్ది నకళ్లు తీసుకెళ్లారు. వాటిని మొదటిసారి చదివేవారికి విసుగు పుడుతుంది, ఎందుకంటే అన్నీ ఒకేలా ఉంటాయి. శక సంవత్సరం, తిథి, వారం, సంక్రాంతో గ్రహణమో, దాత పేరు, స్వామికి అఖండ దీపం. ఆ దీపం వెనకున్న ఏర్పాటు అర్థమైతే మాత్రం విసుగు ఆసక్తిగా మారుతుంది.

అఖండ దీపమంటే పగలూ రాత్రీ ఆరని దీపం. దానికి రోజూ మానెడు నెయ్యి కావాలి. దాత ఒక్కసారి ధనమిచ్చి పక్కకు తప్పుకుంటే ఆ ధనం ఎన్నాళ్లొస్తుంది? అందుకని దాత గొర్రెలిచ్చేవాడు. ఒక్కో దీపానికి సాధారణంగా 50 గాని 55 గాని. వాటికి శాసనాల్లో వాడిన మాట ఇనుపఎడ్లు. ఆ మందను ఒక బోయవాడికి అప్పగిస్తారు. మంద అతనిది, పాడి అతనిది, ఈనిన పిల్లలు అతనివి. బదులుగా అతను, అతని కొడుకులు, మనుమలు సూర్యచంద్రులున్నంత కాలం గుడికి రోజూ మానెడు నెయ్యి పోయాలి. గొర్రెలు చస్తాయి, పుడతాయి, లెక్క మాత్రం తగ్గకూడదు. తమిళ శాసనాల్లో ఇలాంటి మందనే చావని, ముసలివి కాని గొర్రెలని పిలిచారు. తరగని మూలధనం, దాని మీద రోజువారీ వడ్డీ అన్న ఊహను పాడి పశువుల రూపంలో ఇంత శుభ్రంగా అమలు చేసిన తీరు నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. ఆ ఒప్పందంలో దాత పేరుతో పాటు కాపరి పేరు కూడా రాతికెక్కేది. వెలనాటి రాజుల పేర్లు పుస్తకాల్లో దొరుకుతాయి. పన్నెండో శతాబ్దంలో ఈ పర్రల్లో గొర్రెలు కాసుకున్న మనిషి పేరు మనకు దొరికేది ఈ స్తంభాల మీదే.

అందుకే ఈ గుళ్లలో శిల్పం ఏదని అడిగేవారికి నేను స్తంభాల వైపు చూపిస్తాను. నునుపు చేసిన రాతి ముఖం మీద, దారం పట్టి గీసినట్టు వరస తప్పకుండా, తలకట్టులూ గుడులూ కుదురుగా చెక్కిన ఆ తెలుగు లిపి కూడా ఉలి పనే. నన్నయ భారతం మొదలుపెట్టి అప్పటికి వంద ఏళ్లు అటూ ఇటూ. చదువుకున్నవారి తెలుగు కావ్యంలో ఒక రూపం తీసుకుంటున్న కాలంలో, మానికలూ మాడలూ మడిచెక్కలూ లెక్కపెట్టే తెలుగు ఈ రాళ్ల మీద తన రూపం తాను తీసుకుంది.

బాపట్ల నుంచి ఈశాన్యంగా, రేపల్లె వైపు వెళ్తే చందవోలు. ఒకప్పటి రాజధాని అని చెబితే తప్ప తెలియని పల్లె, ఇప్పుడు బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలంలో ఉంది. కోట లేదు, నగరు లేదు. మిగిలినవి లింగోద్భవస్వామి ఆలయమూ, గ్రామదేవత బండ్లమ్మ గుడీ, అక్కడక్కడ పాత రాళ్లూ. లింగోద్భవమంటే ఆద్యంతాలు లేని జ్వాలాస్తంభంలోంచి శివుడు వెలువడిన ఘట్టం. అడుగు చూడడానికి వరాహమై విష్ణువు కిందికీ, కొస చూడడానికి హంసయై బ్రహ్మ పైకీ వెళ్లి అలిసిపోయిన కథ అది. చోళుల శివాలయాల్లో ఈ మూర్తికి స్థిరమైన స్థానం గర్భాలయపు వెనక గోడలోని కోష్ఠం. చోళ దేశంలో వెనక గోడ మీద ఉండే మూర్తి, చోళుల సామంతుల రాజధానిలో గర్భాలయంలోని స్వామికే పేరయింది. ఈ పేరులో చోళ శైవపు ముద్ర కనబడుతోందంటే పొరపాటు కాదనుకుంటాను.

చందవోలు పేరు శైవ సాహిత్యంలో వేరే కారణానికి చిరస్మరణీయమైంది. శివతత్త్వసారం రాసిన మల్లికార్జున పండితారాధ్యుడు వెలనాటి చోడుడి కొలువులో బౌద్ధాచార్యుడితో వాదించి గెలిచాడని, ఆ తరవాత ఆయన శిష్యులు ఆ బౌద్ధుణ్ని చంపారని, దానికి శిక్షగా రాజు పండితుడి కళ్లు తీయించాడని పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్ర చెబుతుంది. కావ్యం చెప్పినదంతా జరిగినట్టే అనలేం. కాని కథలో ఒక సంగతి తోసివేయలేనిది. పన్నెండో శతాబ్దంలో కూడా వెలనాటి కొలువులో ఒక బౌద్ధుడు ఉండడం, అతని చావుకు శివభక్తుణ్ని రాజు దండించడం శ్రోతలకు నమ్మదగ్గ విషయంగానే అనిపించింది. అనిపించకుండా ఎలా ఉంటుంది? రేపల్లె దారిలోనే ఉంది భట్టిప్రోలు. క్రీస్తుకు పూర్వపు స్తూపం, కుబేరకుడన్న రాజు పేరు చెక్కిన ధాతు కరండాలు అక్కడివే. 1892లో అలెగ్జాండర్ రే తవ్వి తీసే దాకా ఆ కరండాలు స్తూపం కడుపులో భద్రంగా ఉన్నాయి.

స్తూపం మాత్రం అంతకు ముందే చాలావరకు పోయింది. రాయి లేని నేల అన్న నా మొదటి మాటకు ఇంతకన్నా బాధాకరమైన సాక్ష్యం లేదు. పందొమ్మిదో శతాబ్దంలో కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టి, డెల్టా నిండా కాలువలు తవ్వినప్పుడు లాకులకూ తూములకూ రాయి కావలసి వచ్చింది. దగ్గర్లో దొరికేది భట్టిప్రోలు దిబ్బే. దాని పాలరాయి వెల్లటూరు దగ్గరి కాలువ కట్టడానికి వెళ్లింది, ఇటుకలు రోడ్లకు వెళ్లాయి. ఈ సీమలో రాయికి ఒక్క జన్మతో సరిపోదు. చైత్యానిది గుడికీ, గుడిది ఇంకో గుడికీ, అదీ పడిపోతే గట్టుకూ వెళ్తుంది. చందవోలు రాజనగరులో ఏమేం ఉండేవో, అవి ఇప్పుడు ఏ ఊళ్ల గోడల్లో ఉన్నాయో ఆలోచిస్తే మనసు భారమవుతుంది.

వెలనాటి చోడుల కథ త్వరగానే ముగిసింది. 1180ల్లో పలనాటి యుద్ధం తీరాంధ్ర రాజకుటుంబాల బలాన్ని పీల్చేసింది. మూడవ గొంకరాజు భార్య జాయాంబిక శక 1108లో, అంటే 1186లో, పిఠాపురం కుంతీమాధవుడికి నవఖండవాడ గ్రామాన్ని ఇచ్చి వేయించిన స్తంభశాసనం ఆ వంశ చరిత్ర మొత్తాన్ని వరసగా చెబుతుంది. ఆ వంశం ఇక ఎక్కువ కాలం నిలవదన్న భయంతో చెప్పుకున్నట్టుగా ఉంటుంది ఆ చదువు. ఆమె కొడుకు పృథ్వీశ్వరుడు పిఠాపురంలో ఉంటూ పోయిన వెలనాటిని తిరిగి రాబట్టుకోవాలని చూసి, 1206 ప్రాంతంలో నెల్లూరు చోడుల చేతిలో యుద్ధంలో చనిపోయాడు. వెలనాడు ఓరుగల్లు కాకతీయులకు దక్కింది.

కాకతీయులు వచ్చాక వాళ్ల చూపు సముద్రం వైపు పడింది. బాపట్లకు దక్షిణాన మోటుపల్లి రేవులో, వీరభద్రాలయ స్తంభం మీద శక 1166లో, అంటే 1244-45లో, గణపతిదేవుడు అభయశాసనం వేయించాడు. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారు, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమన్నది దాని సారం. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, వక్కలు, ఇలా సరుకుల పట్టిక అందులోనే ఉంది. ఈ పట్టిక ఎక్కడ చెక్కారన్నది నాకు పట్టికంత ముఖ్యం. రాజు ఇచ్చిన మాటను విదేశీ నావికుడు కూడా నమ్మాలంటే ఆ మాట గుడి స్తంభం మీద ఉండాలి. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి ఆ మాటను తన పేరున మళ్లీ చెప్పినప్పుడు కూడా మోటుపల్లిలోనే చెప్పాడు. మధ్యలో, పదమూడో శతాబ్దం చివర, మార్కో పోలో ముత్ఫిలి అని రాసుకున్న రేవు ఇదే.

వెలనాటిని గెలిచిన క్రమంలోనే గణపతిదేవుడికి ఈ నేల నుంచి ఒక కళావేత్త దొరికాడు. రేపల్లెకు ఎదురుగా, కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న దివిసీమ అయ్య వంశం వారిది. ఆ సీమను జయించిన గణపతిదేవుడు ఆ ఇంటి ఆడపడుచులు నారాంబనూ పేరాంబనూ పెళ్లాడి, వాళ్ల తమ్ముడు జాయపను తన గజసాహిణిగా, అంటే ఏనుగుల సేనకు అధిపతిగా చేసుకున్నాడు. తెనాలికి పడమటగా ఉన్న చేబ్రోలు, శాసనాల్లో తామ్రపురి, జాయప చేతికి వచ్చింది. అక్కడ శక 1135 తేదీతో అతని శాసనం ఉంది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి ప్రతిష్ఠ చేసి శాసనం వేయించినదీ అదే శక 1135లో, మన లెక్కలో 1213. ఒకే ఏడాదిలో అక్కడ నల్లరాతి మదనికలు, ఇక్కడ ఒక యువ సేనాని శాసనం. నలభై ఏళ్ల తరవాత, 1253-54లో, ఆ సేనాని నృత్తరత్నావళి ముగించాడు. ఎనిమిది అధ్యాయాల ఆ సంస్కృత గ్రంథంలో సగం మార్గ నృత్తానికీ, సగం దేశి నృత్తానికీ. పేరణి, ప్రేంఖణం, రాసకం, చర్చరి మొదలైనవన్నీ దేశి భాగంలోనివే. రామప్ప శిల్పాలను చూస్తూ అవి జాయప శాస్త్రాన్ని అనుసరించి చెక్కినవి అనడం మనకు అలవాటైపోయింది. సంవత్సరాలు చూస్తే అది తిరగబడుతుంది. రాయి ముందు, పుస్తకం తరవాత. శిల్పి చూసిన ఆటనే జాయప కూడా చూశాడు, ఒకరు ఉలితో రాసిపెట్టారు, ఇంకొకరు గంటంతో. గుడి ముంగిట రంగమంటపంలో ఆడే ఆటను చూస్తూ పెరిగిన డెల్టా బిడ్డ, ఆ ఆటను చెక్కించడానికి తన నేలలో రాయి కరువైనా, తాటాకు మీద దాన్ని నిలబెట్టాడు.

చేబ్రోలు కొన్ని శతాబ్దాలు ముందే పేరున్న క్షేత్రం. పదో శతాబ్దపు బెజవాడ యుద్ధమల్లుడి శాసనం, మధ్యాక్కరల్లో ఉన్న ఆ తొలి తెలుగు పద్య శాసనాల్లో ఒకటి, చేబ్రోలు మహాసేనుణ్ని తలుచుకుంటుంది. ఆ కుమారస్వామి జాతరకని బెజవాడ వచ్చి ఆ చోటు నచ్చి అక్కడ నిలిచాడని చెబుతుంది. భీమేశ్వర, నాగేశ్వర, ఆదికేశవ ఆలయాలు ఇప్పటికీ ఆ ఊరికి ఆ పాత గౌరవాన్ని నిలుపుతున్నాయి. కోనేటి నడుమ ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడి వాటితో పోలిస్తే నిన్నమొన్నటిది, అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కట్టించినది. యాత్రికులు ఎక్కువగా చూసేది దాన్నే.

ఈ గుళ్లు ఎంత బలహీనమైన నేల మీద నిలబడ్డాయో మన కాలంలో ఒకసారి భయంకరంగా తెలిసింది. 2010 మేలో శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయల గోపురం కూలిన మరుసటి ఏడాదే, 2011లో, ఇక్కడ బాపట్ల భావనారాయణుడి గాలిగోపురం కూలింది. గర్భాలయం వెనక ఆ వంపు గోడ చెక్కుచెదరలేదు. ఎత్తు కోసం కట్టినదీ, నిలవడం కోసం కట్టినదీ ఒకే ప్రాకారంలో ఎలా వేరు వేరు వయసులు బతికాయో ఆ రోజు చూసినవారికి చెప్పక్కరలేదు. కూలిన దాన్ని మళ్లీ కట్టుకోవచ్చు. నాకు అంతకన్నా బెంగ మరమ్మతుల పేరుతో స్తంభాలకు పూసే రంగుల గురించి, అక్షరాల మీద తోమే ఇసుక గురించి, ఊడిన శాసనపు రాయిని గడప కింద వేసే తొందర గురించి. ఒక బోయ కుటుంబం పేరు ఎనిమిది వందల ఏళ్లు నిలిచి, ఒక్క పండగ ముందు పూసిన ఎనామెల్ కింద పోవడం నేను ఓర్చుకోలేని విషయం. తెనాలిలో ఈనాటికీ శిల్పశాలలు ఉన్నాయి. కంచుతో, ఫైబరుతో, ఇనుప తుక్కుతో కూడా బొమ్మలు పోసి దూర దేశాలకు పంపే చేతులున్నాయి. పాత రాతిని ఎలా ముట్టుకోవాలో నేర్పమని అడగడానికి మనకు మనుషులు కరువు కాలేదు.

జాగ్రత్తగా చూస్తే ఏం దొరుకుతుందో కూడా చేబ్రోలే చూపించింది. భీమేశ్వరాలయంలో పనులు జరుగుతుండగా బయటపడ్డ ఒక స్తంభం మీది అక్షరాలను 2019లో పురాతత్వ శాఖ శాసనవేత్తలు చదివారు. బ్రాహ్మీ లిపి, సంస్కృత భాష, శాతవాహన రాజు విజయుడి అయిదో పాలన సంవత్సరం, అంటే క్రీస్తుశకం 207. దక్షిణ భారతంలో అప్పటిదాకా మొదటిదనుకున్న సంస్కృత శాసనం ఇక్ష్వాకు ఎహువల శాంతమూలుడిది, నాగార్జునకొండలో దొరికినది. ఇది దాన్ని వెనక్కి నెట్టింది. సప్తమాతృకల ఆరాధనకు ఇంత పాత శాసన సాక్ష్యం అంతకు ముందు లేదు. కార్తికుడనే వ్యక్తి తాంబ్రపే అనే ఈ ఊళ్లో సప్తమాతృకల భగవతి గుడికి దక్షిణం వైపున ఒక ప్రాసాదం, ఒక మంటపం కట్టించి, ఒక ప్రతిమను నిలిపాడని అందులో ఉంది. ఆ ప్రాసాదం లేదు, మంటపం లేదు, ప్రతిమ లేదు. ఎక్కడి నుంచో మోయించి తెచ్చిన ఆ ఒక్క రాయి ఉంది.